రాబిగ్ దారిలో టీ

పెట్రోల్ బంకు దగ్గర పుదీనా టీ వాసన తగిలితే నాకు సౌదీలో యాన్బు నుంచి రాబిగ్ వెళ్ళే దారి గుర్తొస్తుంది.

అవి నితాకత్ రోజులు, అంటే ప్రతి కంపెనీలో ఇంతమంది సౌదీలు ఉండి తీరాలని రూలు పెట్టిన రోజులు. నాన్న కంపెనీలో సౌదీలు చాలినంతమంది లేరని, అక్కడ ఉండడానికి కావలసిన ఆయన ఇకామా కార్డు రెన్యువల్ ఆగిపోయింది. రాబిగ్‌లో ఒక కంపెనీ ఆయన్ని నమాజు వేళకు ముందే రమ్మంది. వాళ్ళు కఫీల్‌గా, అంటే ఆయనకు పూచీగా, ఉండడానికి ఒప్పుకోకపోతే ముగ్గురం ఎగ్జిట్ వీసా మీద ఇండియా వెళ్ళిపోవాలి.

నేనేమో అమెరికా రోడ్ల మీద కార్లలో తిరిగినవాళ్ళ పుస్తకాలు చదివేవాణ్ణి. వాళ్ళు తోచినచోట ఆగుతారు, ముక్కూమొహం తెలియనివాళ్ళతో కబుర్లాడతారు. వాళ్ళనెవరూ కాగితాలు అడగరు. మాదీ అలాంటి ప్రయాణమే అనుకున్నాను.

"సముద్రం దగ్గర ఆపు నాన్నా!" అని ఏడ్చి సాధించాను.

"పుస్తకాలు చదివి వీడు దొరైపోయాడండీ," అంది అమ్మ.

నాన్న ఆపాడు. ఆయన మాటిమాటికీ వాచీ చూసుకోవడం నాకు పట్టలేదు.

మేం చేరేసరికి నమాజుకని ఆఫీసు మూసేశారు. నాన్న మెట్ల మీద కూర్చుని ఆ తలుపునే చూస్తున్నాడు. ఇక అది తెరుచుకోదని, అంతా నా వల్లేనని అనిపించింది.

నమాజయ్యాక తలుపు తెరిచారు. లోపలికెళ్ళిన నాన్న కాసేపటికి వచ్చి, "తీసుకుంటామన్నారే!" అని అమ్మ చెయ్యి పట్టుకున్నాడు.

తిరుగుదారిలో, "ఎక్కడ ఆపమంటావురా దొరా?" అన్నాడు.

"ఎక్కడా వద్దు. ఇంటికెళ్ళిపోదాం."

నాన్న పకపకా నవ్వి, బంకు దగ్గర ఆపి టీ తెచ్చాడు. ఆ పుస్తకాలు నాకిప్పటికీ ఇష్టమే. కానీ వాటిలో ఎవరూ ఆ రోజు మేం తాగినంత తీరిగ్గా టీ తాగలేదు.