ఏడో ఊరి బావులు

ఒక మాట కడుపులో పెట్టుకుని ఏళ్లు గడిపాను. మొదట్లో అది నిజంగానే బరువుగా ఉండేది. అన్నం ముందు కూర్చుంటే గుర్తొచ్చేది, క్లాసులో పాఠం మధ్యలో గుర్తొచ్చేది. తర్వాత్తర్వాత అలవాటైపోయింది. అలా అలవాటైపోయిందని తెలిసిన రోజున నా మీద నాకే భయం వేసింది.

నా పేరు చెప్పను. ఊళ్ల పేర్లు కూడా అన్నీ చెప్పను. చెబితే ఎవరో ఒకరు ఆరా తీస్తారు. మీరు తియ్యరని నాకేంటి నమ్మకం? అయినా మీకే చెబుతున్నాను. ఎందుకంటే మీరెవరో నాకు తెలియదు. తెలిసినవాళ్లని నమ్మడం నాకు మొదటినుంచీ చేతకాదు. జరిగిందంతా ఆ గుణం వల్లే జరిగింది.

రాజమహేంద్రవరంలో ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో నేను జువాలజీ లెక్చరర్ని. ఇది కరోనాకి ముందు మాట. నరసాపురం చుట్టుపక్కల రొయ్యల చెరువులు పెరిగేకొద్దీ తాగునీటి బావులు ఉప్పుబారిపోతున్నాయా అన్నది నా పీహెచ్‌డీ. దాని మీదే కాలేజీకి చిన్న ప్రాజెక్టు కూడా వచ్చింది. ఏడు ఊళ్లు ఎంచుకున్నాం. ప్రతి నెలా ఆ ఊళ్లకి వెళ్లి, బావి బావికీ నీళ్లు తోడి, అందులో మీటరు ముంచి, ఉప్పు ఎంతుందో రాసుకురావాలి.

ఆ పని చేసిన అమ్మాయిని సుగుణ అనుకోండి. నరసాపురం పిల్ల. బీఎస్సీ చదివింది. వాళ్లమ్మ లేసు అల్లుతుంది, ఈ పిల్ల లూథరన్ చర్చిలో పాటలు పాడుతుంది. బస్సులో కొన్ని ఊళ్లు, ఆటోలో కొన్ని, రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి కొన్ని. రీడింగులు కాగితాల మీద రాసి తెచ్చి నా చేతికిచ్చేది. నేను కంప్యూటర్లో ఎక్కించేదాన్ని. ప్రాజెక్టు సవ్యంగా ముగిస్తే లేబ్ అసిస్టెంటు ఉద్యోగం ఆమెకే ఇప్పిస్తానని మా హెడ్ సారు మాటిచ్చారు. ఆ మాట వాళ్లింట్లో, వాళ్ల వీధిలో, చర్చిలో అందరికీ తెలుసు. ఒకసారి వాళ్లమ్మ నాకోసం టేబుల్ మీద పరిచే లేసు గుడ్డ పంపించింది. ఇదేంటి, లంచమా అనుకున్నాను. చూశారా నా బుద్ధి.

అంకెలు వచ్చాయి. వాటితో ఏం చెయ్యాలో నాకు రాలేదు. నేను గీసిన గ్రాఫులు చూసి మా గైడు పెదవి విరిచారు. ఒకే బావిని నెల నెలా కొలిచారు, కొన్ని బావులు కలిసి ఒక ఊళ్లో ఉన్నాయి, ఈ సంబంధాలన్నీ లెక్కలోకి తీసుకునే మోడల్ కావాలి, ఆర్‌లో చేయించుకోండి అన్నారు. ఆర్ అంటే స్టాటిస్టిక్స్ వాళ్లు వాడే ప్రోగ్రామింగ్ భాష. లెక్కలూ చేస్తుంది, గ్రాఫులూ గీస్తుంది. ఇంటికొచ్చి దించుకున్నాను. తెరిస్తే తెల్లటి కిటికీ ఒకటి. ఏ లైను కొట్టినా ఎర్ర అక్షరాలతో తిట్టేది. కామా మర్చిపోయినా తిట్టేది, బ్రాకెట్ మర్చిపోయినా తిట్టేది. వారం పాటు తిట్లు తిని వదిలేశాను.

అప్పుడు శర్మగారు తగిలారు. ఆయన అసలు పేరూ అది కాదు. స్టాటిస్టిక్స్ డిపార్టుమెంటులో కొత్తగా చేరిన కోనసీమ మనిషి. నా అవస్థ ఎవరి దగ్గర విన్నారో, స్టాఫ్ రూములో నా టేబుల్ దగ్గరికి వచ్చి, "డేటా ఇవ్వండి మేడం, నేను చూసిపెడతానండి. దానిదేముంది?" అన్నారు.

దానిదేముందా! మా యూనివర్సిటీ రోజుల్లో నేను ఎండలో తిరిగి చేసిన పని ఇంకొకరి పేరు మీద అచ్చయింది. అప్పటినుంచీ ఎవరైనా ఊరికే సాయం చేస్తానంటే నాకు ఒళ్లు మండుతుంది. పేపర్లో మీ పేరు కూడా పెట్టమంటారా అని పరీక్షగా అడిగాను. "అబ్బే, నాకెందుకండీ" అన్నారు. అంతే, అనుమానం ఇంకా బలపడింది. పేరు వద్దనేవాడికి ఇంకేం కావాలి? పైగా ఆయన మేనమామకి భీమవరం వైపు చెరువులున్నాయని ఎవరో అన్నారు. ఓహో, అదా సంగతి! మా బావుల లెక్కలు చెరువుల వాళ్లకి చేరవేస్తాడన్నమాట. పెన్‌డ్రైవు ఇంటికి తీసుకెళ్లి తీరిగ్గా చూస్తానండి అన్నప్పుడు నాకిక సందేహం మిగల్లేదు.

అప్పుడు నేనొక తెలివైన పని చేశాను. తెలివి అనే అనుకున్నాను మరి. ఆర్‌లో ఒకసారి కోడ్ రాసి ఇస్తే అది ఏ ఫైలు మీదైనా నడుస్తుంది. ఆయనకి కావాల్సింది వరసలూ నిలువులూ ఉన్న ఒక ఫైలు, నాకు కావాల్సింది ఆయన కోడ్. అలాంటప్పుడు అసలు అంకెలు ఆయనకెందుకు? ఫైలుకి నకలు తీసి, అందులో ఏడో ఊరి అంకెలు మార్చేశాను. ఒక బావి రీడింగులు అలాగే ఉంచి, దానికి కొంత కలిపి రెండో బావికి, ఇంకొంత కలిపి మూడో బావికి, అలా ఆ ఊరంతా నింపేశాను. ఆయన ఈ అంకెలు ఎక్కడ అచ్చు వేసినా, ఎవరికిచ్చినా ఇట్టే పట్టేసుకోవచ్చు. దొంగకి ఉచ్చు పన్నానని ఆ పూట ఎంత సంబరపడ్డానో చెబితే సిగ్గేస్తుంది. ఏడో ఊరే ఎందుకంటే అది అన్నిటికంటే దూరం. ఎవరూ వెళ్లి చూడరనుకున్నాను.

శర్మగారు కోడ్ రాసిచ్చారు. నన్ను పక్కన కూర్చోబెట్టుకుని, ఏ లైను ఏం చేస్తుందో ఓపిగ్గా చెప్పారు. నేను ఆయన వేళ్లకేసి చూస్తూ కూర్చున్నాను, ఫైలు ఎక్కడికైనా పంపించుకుంటున్నారేమోనని. ఆ కోడ్ ఇంట్లో అసలు ఫైలు మీద నడిపితే గ్రాఫు చక్కగా వచ్చింది. చెరువులకి దగ్గరయ్యేకొద్దీ ఉప్పు ఎక్కువ. ఏడో ఊళ్లో అది మరీ స్పష్టంగా ఉంది. అమ్మయ్య, గండం గట్టెక్కాననుకున్నాను.

గట్టెక్కలేదు. ప్రాజెక్టు రిపోర్టు పంపే ముందు హెడ్ సారు మీటింగు పెట్టి, నాకు చెప్పకుండానే శర్మగారిని కూడా పిలిచారు. ఆయన తన లాప్‌టాప్ తెచ్చి, నేనిచ్చిన నకలు ఫైలుతోనే గోడ మీద గ్రాఫులు వేశారు. ఊరికొక గడి. ఒక్కో గడిలో బావికొక గీత. ఆరు ఊళ్లలో గీతలు ఒకదాన్నొకటి దాటుకుంటూ, చిక్కుపడుతూ పోతున్నాయి. ఏడో ఊళ్లో మాత్రం అన్నీ రైలు పట్టాల్లా పక్కపక్కనే వెళుతున్నాయి.

"బావులు ఇంత క్రమశిక్షణగా ఉండవండి" అన్నారు శర్మగారు కొంచెం నవ్వుతూ. ఆయన ఎవరి మీదా నేరం మోపలేదు. మీటరు పాడై ఉండొచ్చన్నారు. మళ్లీ ఒకసారి వెళ్లి కొలిస్తే తేలిపోతుందన్నారు. హెడ్ సారు మాత్రం ఇంట్లో కూర్చుని రాసిన లెక్కలివి అని తేల్చేసి, సుగుణని పిలిపించారు. ఆ రోజు కాగితాలివ్వడానికి వచ్చి వరండాలోనే ఉంది.

"ఏడో ఊరు అసలు వెళ్లావా అమ్మా నువ్వు?"

"అయ్యో, వెళ్లానండి సార్. ప్రతి నెలా వెళ్లానండి. పంటు దిగాక అటేపు ఆటోలుండవండి, నడిచే వెళ్లేదాన్ని."

"మరి ఇదేంటి?"

ఆమె గోడకేసి చూసింది. ఆ గీతలేంటో ఆమెకి ఎవరూ చెప్పలేదు. తర్వాత నాకేసి చూసింది. "మేడం, మీరైనా చెప్పండి. కాగితాలు మీకే ఇచ్చాను కదండీ."

"నువ్విచ్చిందే ఎక్కించాను సుగుణా" అన్నాను.

అదీ నేనన్న మాట. ఆ కాగితాలేవీ అని శర్మగారు అడిగితే, ఎక్కించాక పారేశానన్నాను. అవి మా ఇంట్లో బీరువాలో ఉన్నాయి. మళ్లీ కొలుద్దామంటే, వానలు పడ్డాయి, ఇప్పటి నీళ్లతో అప్పటివి పోల్చలేమన్నాను. ఎన్ని అబద్ధాలు ఎంత గబగబా వచ్చాయో! ఎవరో పక్కన కూర్చుని అందిస్తున్నట్టే వచ్చాయి. నిజం మాత్రం రాలేదు.

పొరపాటున వేరే ఫైలు ఇచ్చాను అంటే సరిపోయేది కదా? ఎన్నిసార్లు వేసుకున్నానో ఈ ప్రశ్న. నిజం చెప్పక్కర్లేదు, ఇంకొక్క అబద్ధం ఆడినా ఆ పిల్ల బతికిపోయేది. కానీ ఆ వేరే ఫైలు ఎక్కడిదని శర్మగారు అడుగుతారు, ఎవరు తయారుచేశారని అడుగుతారు, దొంగ లెక్కలు పుట్టించిందన్న పేరు నాకొస్తుంది, నా పీహెచ్‌డీ అక్కడితో ఆఖరు. ఇదంతా ఆలోచించే ఊరుకున్నానా, లేక ముందు ఊరుకుని తర్వాత ఈ కారణాలు కూడబెట్టుకున్నానా? నాకు తెలియదు. కుక్కిన పేనులా కూర్చున్నానని మాత్రం తెలుసు.

సుగుణని ఆ రోజే తీసేశారు. ఏడో ఊరిని రిపోర్టులోంచి తీసేశారు. ఆ రాత్రే నేను ఆ కాగితాలు చింపి పారేశాను, దాంతో నేను చెప్పిన అబద్ధాల్లో ఒకటి నిజమైంది. కొన్నాళ్లకి ఇంకేదో సర్వే సంస్థ నుంచి ఫోనొచ్చింది. సుగుణ మీ దగ్గర పనిచేసిందట, ఎలాంటి అమ్మాయండీ అని. మంచి పిల్లేనండి అని, కాస్త ఆగి, లెక్కలు మాత్రం ఒకసారి సరిచూసుకోండి అన్నాను. ఎందుకన్నానో చెప్పనా? మంచిదని గట్టిగా చెబితే, మరెందుకు తీసేశారని అడుగుతారేమోనని. ఆ ఉద్యోగమూ ఆమెకి రాలేదు.

శర్మగారు మా అంకెలు ఎక్కడా అచ్చు వెయ్యలేదు. ఎవరికీ ఇవ్వలేదు. భీమవరంలో చెరువులున్న మేనమామ ఇంకెవరి మేనమామో అని తర్వాత తెలిసింది. ఆయన వేరే కాలేజీకి వెళ్లిపోతూ, "థీసిస్‌లో కూడా ఆ ఊరు తీసేశారాండి?" అని అడిగారు. అవునన్నాను. "మంచి పని చేశారండి" అన్నారు. ఆ మాట మామూలుగానే అన్నారా? నా ముఖంలో ఏదైనా చూసి అన్నారా? ఇప్పటికీ ఆ మాటని తిప్పి తిప్పి చూసుకుంటాను. అంతా తెలిసే ఊరుకున్నారా, అలాగైతే ఆయన మాత్రం ఎంత మంచివాడు అని కూడా అనుకుంటాను. నా పక్కన నిలబెట్టుకోవడానికి ఇంకో మనిషి కావాలి నాకు.

ఈ మధ్య ఒక పెళ్లికని నరసాపురం వెళ్లాను. రేవులో పంటు కోసం నిలబడితే, వెనకనుంచి "మేడం, బాగున్నారాండి?" అని వినిపించింది. సుగుణ. చిక్కిపోయింది. రొయ్యల మేత అమ్మే కొట్లో బిల్లులు రాస్తోందట. తప్పుకుని వెళ్లిపోదామనుకున్నాను. ఇదేంటి, ఇన్నేళ్లకి నన్ను పలకరించడం, ఏదో తెలిసే వచ్చింది, నలుగురిలో అడిగేస్తుంది అనుకున్నాను.

"డాక్టరేట్ వచ్చిందంట కదండీ. చాలా సంతోషమండి" అంది. తర్వాత కాస్త దగ్గరికి వచ్చి గొంతు తగ్గించింది. "మీతో ఒక మాట చెప్పాలని ఎప్పట్నుంచో ఉందండి. ఆ ఏడో ఊరి సంగతి. నేను అబద్ధం రాయలేదండి, దేవుడి తోడు. కానీ ఆలోచించగా ఆలోచించగా నాకే అర్థమైందండి. ఒక బావి నీళ్లలోంచి తీసిన మీటరు సరిగ్గా కడక్కుండానే ఇంకో బావి నీళ్లలో ముంచేసుంటాను. ఎండలో నడిచొచ్చిన తొందరలో. అందుకే అన్నీ ఒకేలా వచ్చుంటాయండి. తప్పు నాదేనండి. మీరు నమ్మి పనిస్తే మీకు మాట తెచ్చాను. ప్రార్థనలో ఎన్నోసార్లు ఒప్పుకున్నాను గానీ, మీతో కూడా చెప్పాలి కదండీ. ఏమీ అనుకోకండి మేడం."

మీటరు కడక్కపోతే గీతలు అలా రావు. ఆ సంగతి నాకు తెలుసు. ఆ మాటే అక్కడ చెప్పడం మొదలుపెట్టొచ్చు, మిగిలినది దాని వెనకే వచ్చేసేది. పంటు ఇంకా అవతలి ఒడ్డునే ఉంది. చాలా టైముంది.

"పోనీలే సుగుణా, అయిపోయిందేదో అయిపోయింది. నేనేమీ మనసులో పెట్టుకోలేదు" అన్నాను.

ఆమెని క్షమించాను. విన్నారా? నేను ఆమెని క్షమించాను. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని, "థేంక్సండీ మేడం" అని, నా సంచి అందుకుని పంటు దాకా మోసుకొచ్చింది. వద్దని కూడా అనలేదు నేను.

అందుకే ఇది రాస్తున్నాను. ఉద్యోగం పోగొట్టడం ఒక ఎత్తు. చెయ్యని తప్పుని తనే నమ్మేలా చెయ్యడం, ఇన్నాళ్లూ ఆమె దేవుడి ముందు నా తప్పు చెప్పుకుంటూ ఉండటం, అది ఇంకొక ఎత్తు. ఏడో ఊరి బావులన్నిటికీ ఆమె వెళ్లింది. మీటరు సరిగ్గానే ముంచింది. తెచ్చిన ప్రతి అంకే నిజం. మార్చింది నేను.

ఈ మాట ఎప్పుడూ ఎక్కడా పైకి అనలేదు. ఇప్పుడు రాశాక ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. ఈ తేలిక మీద కూడా నాకు అనుమానంగానే ఉంది. నరసాపురంలో సుగుణకి ఇంకా ఏమీ తెలియదు.