ఆమె డబ్బాలో నా పల్యం

ఉర్లగడ్డ ఉడుకుతున్నప్పుడు మూత సందులోంచి వచ్చే మట్టి వాసన ఉంది చూశారూ, దానికి నేను దాసోహం. పుస్తకాల్లో దాన్ని బంగాళాదుంప అని రాస్తారు. మా పావగడ పల్లెల్లో మాత్రం అది ఉర్లగడ్డ. సంతలో గడ్డను బొటనవేలితో ఒత్తి చూసి, గోటితో గీరి, తోలు ఊడితే కొత్తది, ఊడకపోతే పాతది అని తేల్చుకునేదాకా నేను కదలను. అమ్మే ఆమె కసిరినా కదలను. కొత్త గడ్డ దొరికిందంటే సంచి చంకలో పెట్టుకుని ఇంటికి దాదాపు పరిగెత్తుతాను. నలభై దాటినవాడికి ఇదేం పిచ్చి అని మీరు నవ్వొచ్చు. నవ్వండి, నాకేం నష్టం లేదు.

ఈ పిచ్చి నాకు గొర్రెల వెంట పట్టుకుంది. మాది గొర్రెల ఇల్లు. పెళ్లికి ముందు నాలుగేళ్లు మా నాయనతో పాటు మంద తోలుకుని చిక్కబళ్లాపురం వైపు పోయేవాణ్ణి. అక్కడి రైతులు ఎరువు కోసం తమ చేలల్లో మంద పెట్టించుకునేవాళ్లు. బదులుగా రాగులో ఉర్లగడ్డలో ఇచ్చేవాళ్లు. ఆరుగురం మగవాళ్లం, ఒకటే తపేలా. రాగిముద్ద గెలికేది మేమే, చారు కాచేది మేమే. బాగా వండేవాడి మాటకు మందలో విలువ కూడా ఎక్కువ. నాకు మూడో నెలకే ఆ విలువ వచ్చేసిందని చెప్పుకోవడానికి నాకేమీ మొహమాటం లేదు.

కానీ చిత్రం చూడండి. ఊరి పొలిమేర అవతల గరిటె పట్టినవాడు మొనగాడు. అదే మనిషి పొలిమేర దాటి వచ్చి ఇంట్లో గరిటె పట్టాడా, అయిపోయాడన్నమాటే. మా ఊళ్లో ఒకాయన, భార్య పురిటికి పోయినప్పుడు వాకిలి ఊడ్చి కళ్లాపి చల్లాడు. పాతికేళ్లయింది. ఇప్పటికీ టీ అంగడి దగ్గర ఆయన్ని చూస్తే "ఏమక్కా, బాగుండావా?" అని పలకరిస్తారు. అలా పలకరించి పగలబడి నవ్వినవాళ్లలో నేనూ ఉన్నాను. అందుకే పెళ్లయ్యాక పొయ్యి దగ్గరికి పోలేదు.

తర్వాత గొర్రెలు పోయాయి. శెనక్కాయ పండే మా చేను సోలార్ పార్కు వాళ్లకు గుత్తకు ఇచ్చాం. ఇప్పుడా నేలంతా నల్లటి ప్లేట్లు. వాటిని కడిగే పని, కింద మొలిచే గడ్డి కోసే పని నా భార్యకు దొరికింది. ఏడింటికి షేర్ ఆటో వస్తుంది, మా వీధిలోంచీ రాయచెర్లు వైపు నుంచీ ఆడవాళ్లను ఎక్కించుకుని పోతుంది. నాకు మిగిలింది ఐదు మేకలు, బోలెడంత తీరిక.

ఒకరోజు గడ్డి కోస్తుంటే కొడవలి జారి ఆమె ఎడమచేతి వేలు తెగింది. మర్నాడు కట్టుతోనే పొయ్యి వెలిగించబోయింది. నేను చూడలేక కత్తిపీట లాక్కున్నాను. ఇంట్లో ఉన్నవి ఉర్లగడ్డలే. చేతులు వాటంతట అవే పని అందుకున్నాయి! ఇరవై ఏళ్ల తర్వాత కూడా ఏదీ మరచిపోలేదు. ఆ పొద్దున ఆమె డబ్బాలో నాలుగు చపాతీలు, నిండుగా పల్యం, అదే ఉర్లగడ్డ ముద్దకూర, పెట్టి మూత బిగించి, చేతికిచ్చే ముందు ఒక్క షరతు పెట్టాను.

"ఏమే, ఎవురన్నా అడిగితే నువ్వే చేసినానని చెప్పు. నా పేరు ఎత్తితే చూడు మల్ల."

ఆమె నవ్వి సరేనంది.

సాయంత్రం ఆటో దిగీ దిగకముందే చెప్పింది. మధ్యాహ్నం అందరూ డబ్బాలు మధ్యలో పెట్టి పంచుకుంటారట. మా డబ్బా ఖాళీ కావడానికి ఎంతోసేపు పట్టలేదట. "ఏమక్కా, దీంట్లో ఏం మాయ చేసినావ్?" అని వేళ్లు నాకారట. ఆ మాట వినగానే నాకు గాలిలో తేలినట్టయింది. వేలు మానిపోయింది, కట్టు విప్పేసింది, నేను మాత్రం పొయ్యి వదల్లేదు. ఐదింటికే లేచి ఒకరోజు పల్యం, ఒకరోజు ఉర్లగడ్డా వంకాయ కలిపి కూర, ఒకరోజు మెంతాకు వేసి వేపుడు. సన్నగా తరిగి నూనెలో వేయిస్తే అంచులు కరకరలాడతాయే, ఆ వేపుడు మీద ఆడవాళ్లు పోట్లాడుకున్నారని విని ఆ రోజు మేకలకు కూడా ఆ సంగతి చెప్పాను.

వాన వస్తే ఇక చెప్పక్కర్లేదు. మా సీమలో వాన అంటేనే అబ్బురం. తలుపు గడియ పెట్టి, కిటికీ మూసి, ఉర్లగడ్డ బోండాలు వేసేవాణ్ణి. శెనగపిండిలో ముంచిన ముద్ద నూనెలో పడి, ఒక్క క్షణం మునిగి, ఉబ్బి పైకి తేలుతుంటే నేను చిన్నపిల్లాడిలా "వచ్చె, వచ్చె!" అని అరిచేవాణ్ణి. నా భార్య చేత్తో నా నోరు మూసేది. వాసనకు గడియా కిటికీ అడ్డం కాదు కదా. పక్కింటామె గోడ మీంచి తొంగి చూసి, "ఏం చేతమ్మా నీది!" అని నా భార్యను మెచ్చుకునేది. నేను లోపల వేడి బోండా నోట్లో పెట్టుకుని, నాలుక కాలుతున్నా, ఆ మెప్పు కోసం చెవులు రిక్కించుకుని వినేవాణ్ణి.

రెండేళ్లు ఇలా గడిచాయి. మొదట్లో నా భార్య రోజూ చెప్పేది, ఎవరేమన్నారో. పోనుపోను చెప్పడం తగ్గించింది. నేనే ఆటో దగ్గరికి పోయి, "ఏమన్నారే? ఈ పొద్దు ఏమన్నారు?" అని వెంటపడేవాణ్ణి. ఒకరోజు డబ్బా నా చేతిలో ఠపీమని పెట్టింది.

"మెప్పు నీకు గావల్ల, అబద్ధం మాత్రం నేను చెప్పల్లనా? కొత్తగా వచ్చిన పిల్ల నన్ను పట్టుకుని, నీ మాదిరి చేయల్లని ఉండాదక్కా అంటాంది. మొగం యాడ పెట్టుకునేది నేను?"

నాకు కోపం వచ్చింది. తప్పు నాదైనప్పుడే నాకు కోపం ఎక్కువ వస్తుంది. బయటపడితే టీ అంగడి దగ్గర అక్కా అని పిలిపించుకోవాల్సింది నేను కదా, నువ్వు కాదు కదా అని అరిచాను. ఆమె మళ్లీ ఆ మాట ఎత్తలేదు. కానీ ఆమెకు అది ముల్లులా గుచ్చుకుంటోందని నాకు తెలుసు. తెలిసీ ఊరుకున్నాను.

అంతలో ఆయుధపూజ వచ్చింది. పనిలో ఆడవాళ్లంతా కలిసి పార్కు గేటు పక్కన ఖాళీ జాగాలో వండుకోవాలని అనుకున్నారు. పూరీ, ఉర్లగడ్డ పల్యం, బొరుగులు. పల్యం ఎవరు చేయాలో అడగక్కర్లేదు కదా. నలభై మందికి!

"ఇప్పుడేం చేస్తావ్?" అంది నా భార్య. "నాకు రాదు. అందరి ముందరా చెడగొడితే ఇన్నాళ్లు అబద్ధం చెప్పినానని తెలిసిపోతాది."

నేను ధైర్యం చెప్పాను. గడ్డలు నేనే ఉడికించి బైకు మీద తెచ్చి ఇస్తాను, నువ్వు అక్కడ తిరగమోత పెట్టి కలిపితే చాలు అన్నాను. ముందురోజు సాయంత్రం కూర్చోబెట్టి మొత్తం చెప్పాను. ఆమె బుద్ధిగా విని, ఒకటికి రెండుసార్లు తప్పుగా అప్పజెప్పింది. నేను నెత్తి కొట్టుకున్నాను.

పూజ రోజున నేను తపేలాలు దించేసరికి కుంకుమ పెట్టిన కొడవళ్లు, బ్రష్షులు, నీళ్ల ట్రాక్టరు అన్నీ బంతిపూలతో మెరిసిపోతున్నాయి. బూడిదగుమ్మడికాయ అప్పుడే పగలగొట్టారు. మూడు రాళ్ల పొయ్యి మీద పెద్ద బాణలి, దానిలో శెనక్కాయ నూనె. ఆ నూనె వాసనకు నా చేతులు దురద పెట్టాయి. గేటు దగ్గర వాచ్‌మెన్లు, ట్రాక్టరు డ్రైవరు, సూపర్వైజరు, ఇంకా మా ఊరి మగవాళ్లు నలుగురు నిలబడి ఉన్నారు. నేను తలొంచుకుని బైకు తిప్పుకున్నాను.

నా భార్య గుప్పిట్లో ఆవాలు పట్టుకుని బాణలి ముందు నిలబడింది. వేయదు. కదలదు. "ఏమక్కా, నూనె కాగింది" అంటున్నారు ఆడవాళ్లు. ఆమె వెనక్కి తిరిగి నన్ను చూసింది. చెప్పొద్దని కళ్లతోనే సైగ చేశాను.

"ఏమయ్యా, యాడికి పోతావ్?" గట్టిగా పిలిచింది. అందరూ తిరిగి చూశారు. "రెండేండ్ల నుంచి మీరు నా డబ్బాలో తిన్న్యాదంతా ఈయన చేసిందే. నేను కాదు. ఇంక నాతో కాదు."

నాకు భూమిలోకి దూరిపోవాలనిపించింది. బైకు కిక్కు కొట్టబోయాను. అప్పుడు చూశాను, బాణలి మీంచి నీలంగా పొగ లేస్తోంది.

"నూనె మాడిపోతాండాది!" అని అరిచి, బైకు వదిలేసి, పరిగెత్తాను. ధైర్యం అనుకునేరు, కాదు. అంత నూనె మాడిపోతుంటే ఏ వంటవాడు చూస్తూ నిలబడతాడు? కట్టెలు లాగాను, కాస్త చల్లారనిచ్చి ఆవాలు వేశాను, అవి చిటపటలాడాయి, ఇక నాకు చుట్టూ ఎవరున్నారో గుర్తులేదు. వెనకనుంచి ట్రాక్టరు డ్రైవరు ఏదో అని నవ్వాడు. పని చేసే ఆడవాళ్లలో పెద్దామె ఒకావిడ, ఆమె పుట్టిల్లూ గొర్రెల ఇల్లే, గయ్యిమంది.

"ఏంది నగుతావ్? మంద కాడ మా నాయన ఇట్లే వండేటోడు. ఈ రుచి యాడో తిన్న్యానే, యాడో తిన్న్యానే అని రెండేండ్లుగా తలకాయ పగలగొట్టుకుంటాండా!"

ఆ మాటతో నాలో ఏదో తెగిపోయింది. గరిటె పెట్టి బాణలి అడుగు దాకా కలుపుతుంటే నవ్వు ఆగలేదు. బట్టబయలున, పట్టపగలు, మా ఊరి మగవాళ్ల కళ్ల ముందు! ఆ డ్రైవరే మూడుసార్లు వడ్డించుకున్నాడు.

తింటూ తింటూ ఆ కొత్తగా వచ్చిన పిల్ల అడిగింది. "అన్నా, ఎట్లా చేస్తావన్నా? చెప్పన్నా."

ఇన్నేళ్లలో ఒక్కరూ నన్ను ఆ మాట అడగలేదు. గరిటె బాణలిలో పెట్టి, ఎక్కడ మొదలుపెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

నా భార్య విస్తరి మీంచి తల ఎత్తకుండానే మొదలుపెట్టింది. "పచ్చిమిరపకాయలు తరగకూడదు పాపా, ఉప్పూ తెల్లగడ్డ పాయలూ వేసి దంచల్ల. గడ్డ వేడిగా ఉండంగానే చేత్తో నలపల్ల, కత్తి తగలకూడదు. ఉడికిన నీళ్లు పారబోయకూడదు, అవే పోయల్ల. శెనక్కాయలు వేయించి, బరక బరకగా దంచి ఆఖర్న చల్లల్ల. దించినాక ఈయన మూత మీద చెయ్యి పెట్టి చూస్తాడు, చెయ్యి ఓర్చుకున్యాక నిమ్మకాయ పిండుతాడు. దానికి ముందు పిండితే చేదు."

మూత మీద చెయ్యి పెట్టి చూస్తానని నాకే తెలియదు.

రాదని చెప్పిన మనిషి. నిన్న సాయంత్రం రెండుసార్లు తప్పు చెప్పిన మనిషి. ఆమె పూరీ తుంచి, కళ్లెత్తి చూసి, విస్తరి నా వైపు జరిపింది.

"ఏమయ్యా, ఇంకొంచెం ఎయ్యి."