అత్తమ్మ మొక్కు, ఆయన సైకిలు

మా ఆయనకు బోధన్ చక్కెర ఫ్యాక్టరీలో పని దొరికితే, కాలు కింద పెట్టకుండా సైకిల్ మీద లింబాద్రి గుట్ట ఎక్కి, సైకిల్ మీదే దిగుతాడని మా అత్తమ్మ మొక్కుకుంది. పని దొరికింది. ఈ రోజు ఎక్కాడు. కొబ్బరికాయల సంచితో నేను వెనకాల ఉరికాను. నిలువుగా ఉన్న మలుపులో సైకిల్ పక్కకు ఒరిగింది. ఎలాగో పైకి చేరి, గుడి గోడ పట్టుకుని, ముందే వచ్చి అక్కడ కూర్చున్న వాళ్ళమ్మ వైపు చూస్తూ రొప్పాడు.

“అవ్వా, ఎక్కుడైతే అయింది. దిగేటప్పుడు బ్రేకులు పడ్తయో లేదో!”

అత్తమ్మ అప్పటికే చేతులు జోడించింది. “ఫికర్ జెయ్యకు బిడ్డా. నువ్వు పైలంగ దిగితే వచ్చే ఏడు గూడ గిట్లనే ఎక్కుతవని ఇప్పుడే మొక్కిన.”

క్షేమంగానే దిగాడు. నాకు మాత్రం ఇప్పటి నుంచే వచ్చే ఏటి దిగులు పట్టుకుంది. మీ ఇళ్ళలోనూ మొక్కేది ఒకరు, తొక్కేది ఇంకొకరేనా?