ఆళియారు దారిలో చెయ్యి విడిచినవాడు

సరదాకి ఊళ్ళు తిరిగే మనిషిని కాను నేను. మదురైలో నూలు కొట్టు నడుపుకునేవాణ్ణి. ఎవరైనా నూలు చిలప చేతికిస్తే ముందు తడి ఉందేమో చూస్తాను, ఆ తర్వాత ఇచ్చినవాడి ముఖం చూస్తాను. అలాంటివాణ్ణి కోయంబత్తూరు దాకా పోయి, కొండెక్కి, సైకిలు మీద కిందికి దిగి వచ్చానంటే దానికి కారణం పొల్లాచ్చి కొబ్బరి వ్యాపారి ఒకాయన అన్న ఒక్క మాట.

మా అక్క కూతురు ఆండాళుకు సింగానల్లూరు సంబంధం కుదిరింది. పిల్లవాడు రంగసామి, అక్కడి మిల్లులో ఫిట్టరు. వాళ్ళూ మాలాగే ఎన్ని తరాల కిందటో దక్షిణానికి వచ్చి, ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం మాట్లాడుకునేవాళ్ళు. మా బావ పోయాడు కనుక అవునన్నా కాదన్నా మేనమామగా నేనే అనాలి. తాంబూలాలకు రోజు చూసుకుంటుండగా ఆ కొబ్బరి వ్యాపారి కొట్టుకు వచ్చాడు. సంబంధం సంగతి చెప్పగానే, "రంగసామియా! ఆళియారు ఇరక్కంలో చెయ్యి విడిచినోడు గదా!" అని నవ్వి, బస్సుకు వేళయిందంటూ వెళ్ళిపోయాడు.

ఇరక్కమంటే మా వైపు దిగుడు దారి. చెయ్యి విడవడమంటే వేరే చెప్పనక్కర్లేదు, కట్టుకున్న ఆడదాన్ని నడిదారిలో వదిలేయడం. మా అక్క ఆ పూట అన్నం ముట్టలేదు. ఆండాళు మాత్రం ఏడవలేదు. "ఆయన పూర్తిగా చెప్పలేదు గదా మామా. మీరే పోయి కండ్లారా చూసి రాండి. నిజమైతే నేనే వద్దంటా," అంది. పిల్లవాణ్ణి ఒక్కసారే చూసింది గానీ, నచ్చాడని ఆ గొంతులోనే తెలుస్తోంది. అందుకే నాకు మరీ భయం వేసింది.

శనివారం తెల్లవారుతుండగా మదురైలో రైలెక్కాను. ఇడ్లీలు అరిటాకులో కట్టించుకుని పోవడం మంచిది, దిండుక్కల్లు దాటితే దొరికేవాటి మీద నాకు నమ్మకం లేదు. బొగ్గు నుసి కంట్లో పడకుండా ఇంజనుకు వీపు పెట్టి కూర్చోవాలి. ఎదురుగా కోవిల్‌పట్టి వైపు నల్లరేగడి రైతు ఇంటి ముసలమ్మ కూర్చుంది, పళనికి పోతోంది. నా తమిళంలో ఏం కనిపెట్టిందో, "మనోళ్ళేనా అయ్యా? యాడికి పోతా ఉండారు?" అని తెలుగులో అడిగింది. ఊరికే పోతున్నానన్నాను. "ఊరికే పోయేటోళ్ళు సంచి ఒళ్ళో పెట్టుకోరే," అని ముసిముసిగా నవ్వింది. ఈమె ఎవరి తరఫు మనిషోనని పళని వచ్చేదాకా నోరు విప్పలేదు.

మధ్యాహ్నానికి పొల్లాచ్చిలో దిగి నేరుగా కొబ్బరి వ్యాపారి కొట్టుకే పోయాను. మూసి ఉంది. ఎక్కడో సంతకు పోయాడన్నారు. నిప్పు అంటించినవాడు ఊళ్ళో లేకపోవడం కూడా నాకు మామూలుగా అనిపించలేదు. స్టాండులో కాఫీ తాగి (సగానికి పైగా చికోరీ), కోయంబత్తూరు బస్సు పట్టుకుని, అక్కడ టౌను బస్సు మారి, దీపాల వేళకు సింగానల్లూరు చేరాను. మిల్లు సంగు, అదే సైరను, ఊది షిఫ్టు విడిచింది. జుట్టు నిండా దూది అంటుకున్న మనుషులు వీధి నిండా నడిచి వస్తున్నారు. వాళ్ళలో రంగసామి నన్ను గుర్తుపట్టి పరుగున వచ్చి సంచి అందుకోబోయాడు. నేను ఇవ్వలేదు.

వాళ్ళమ్మ నేతి పొంగలి వడ్డించింది. నెయ్యి మరీ ఎక్కువ పోసిందంటే ఏదో దాస్తోందన్నమాట అనుకున్నాను. తీరా ఆమె ఏమీ దాచలేదు. "ఆదివారమైతే చాలు అన్నా, ఆళియారే. ఊరంతా నవ్వతా ఉండాది. నేను చెప్తే వినడు. మీరైనా చెప్పండి, పెండ్లికి ముందరే ఆ పని మానుకోమని," అంది. కన్నతల్లి ఇంత నిబ్బరంగా చెప్తుంటే నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది. తలెత్తి, "రేపు నేనూ వస్తాను," అన్నాను.

రంగసామి ముఖం వెలిగిపోయింది. "నిజంగానా మామా! మీకూ ఒక వండి బాడిగకు తెస్తా," అన్నాడు. వండి అంటే ఇక్కడ సైకిలుకూ చెల్లుతుంది. వదిలేసిన ఆ ఆడమనిషి దగ్గరికి నన్ను సైకిలు మీద తీసుకుపోతాడా అని ఆశ్చర్యపోయాను. ఆ పూట అరుగు మీద పడుకున్నానే గానీ కన్ను మూతపడలేదు.

ఆదివారం మొదటి బస్సుకే బయలుదేరాం. ఈ దారిన రాదలచినవారు సైకిళ్ళను బస్సు టాపు మీద కొబ్బరితాడుతో కట్టించుకోవచ్చు. కండక్టరు కట్టిన ముడిని మాత్రం తామే ఇంకోసారి చూసుకోవాలి. పొల్లాచ్చిలో బస్సు మారి, తోటల మధ్య నుంచి కొండ కిందికి చేరి, వంపు మీద వంపు తిరుగుతూ పైకి ఎక్కాం. పది వంపులు దాటాక ఒక టీ కొట్టు దగ్గర దిగాం. కొట్టు నడిపే ఆవిడ అడక్కుండానే రంగసామికి చక్కెర తగ్గించిన టీ ఇచ్చింది. నేను ఆవిడ మెడ వైపు, వేళ్ళ వైపు, లోపలి గది వైపు చూశాను. లోపల నుంచి ఆవిడ మొగుడు వచ్చి బెంచీ తుడిచాడు. ఈవిడ కాదు.

ఇక ఆగలేకపోయాను. "అబ్బాయీ, ఈ ఆళియారు దారిలో నువ్వు చెయ్యి విడిచావట. నిజమేనా?"

"నిజమే మామా," అన్నాడు, సిగ్గుపడుతూ. "మదురై దాకా వచ్చేసిందా ఆ మాట?"

"ఒకసారేనా?"

"ఒకసారా! వారం వారం విడస్తా."

గ్లాసు బెంచీ మీద పెట్టేశాను. "అంటే ఒకటి కాదా?"

"ఒకటి విడిస్తే ఏమి సుఖం మామా? రెండూ విడవాల. అయినా అందరికీ వచ్చే పని కాదది. ఈ పొద్దు మీ ముందరే విడస్తా, చూడండి."

చెంప పగలగొట్టాలనిపించింది. అమ్మాయి మాట గుర్తొచ్చి ఆగాను. కండ్లారా చూసి రమ్మంది కదా. "ఎక్కడ?" అన్నాను పళ్ళు బిగించి. "కింద, నేరు దారి వచ్చిన చోట," అన్నాడు.

బయలుదేరేముందు వాడు నా బాడుగ సైకిలు చక్రం తిప్పి, బ్రేకు నొక్కి చూశాడు. పెదవి విరిచాడు. "మీరు నా వండి తీసుకోండి మామా," అని తన పాత సైకిలు నాకు అంటగట్టి, కొత్త రంగు వేసిన నాది తను ఎక్కాడు. వీడి నైజం ఇక్కడే బయటపడింది అనుకున్నాను.

వయసులో మిల్లు రోడ్ల మీద సైకిలు తొక్కినవాణ్ణే గానీ కొండ దిగింది అదే మొదలు. మొదటి వంపు దాకా బ్రేకు విడవలేదు. రెండో వంపు తర్వాత కొంచెం విడిచాను. అంతే, దారి తనంతట తానే కిందికి లాక్కుపోవడం మొదలుపెట్టింది. చొక్కా ఉబ్బింది, చెవుల్లో గాలి హోరెత్తింది, కళ్ళ నుంచి నీళ్ళు చెవుల వైపు పారాయి. కింద చెట్ల సందున ఆళియారు నీళ్ళు మెరిసి మాయమవుతున్నాయి. ఎంత కోపంగా ఉన్నా దాచుకోవడం ఎందుకు, నాకు పట్టరాని సంతోషం కలిగింది. కొట్టూ, నూలూ, అప్పుసప్పుల బాధా అన్నీ పైన వంపు దగ్గరే ఉండిపోయాయి.

అప్పుడు వంపుల్లేని ఆ నేరు దారి వచ్చింది. ముందు పోతున్న రంగసామి, "మామా, చూడండి, విడస్తా ఉండా!" అని అరిచి హ్యాండిలు మీద నుంచి రెండు చేతులూ తీసి బారగా చాచాడు. సైకిలు తిన్నగా పోతూనే ఉంది.

ఓరి నీ దుంపతెగ, చెయ్యి విడవడమంటే ఇదా! నవ్వు పొట్టలోంచి తన్నుకొచ్చింది. ఆ నవ్వులోనే వంపు దగ్గరపడడం చూసుకోలేదు. వంపులోంచి బస్సు ముక్కు కనిపించింది. రెండు బ్రేకులూ గట్టిగా నొక్కేశాను. అవి పట్టేసి, సైకిలు పక్కకు ఈడ్చుకుపోయి, లోయ వైపు పిట్టగోడకు జానెడు ఇవతల ఆగింది. బస్సు హారను కొడుతూ పైకి పోయింది.

రంగసామి నా వైపు తిరిగి చూసి బ్రేకు నొక్కాడు. ఆగలేదు. చెప్పు కాలు టైరుకు ఆనించాడు. అయినా ఆగలేదు. చివరికి కొండ వైపు గట్టుకు కావాలనే గుద్దుకుని పడ్డాడు. మోకాలు చీరుకుపోయి నెత్తురు కారుతుంటే కుంటుకుంటూ నా దగ్గరికి వచ్చి, "దెబ్బ ఏమన్నా తగిలిందా మామా?" అన్నాడు.

పడి ఉన్న సైకిలు దగ్గరికి పోయి బ్రేకు నేనే నొక్కి చూశాను. రబ్బర్లు అరిగి ఇనుమే మిగిలింది. నేనెక్కిన వాడి పాత బండికి మాత్రం రబ్బర్లు కొత్తవి.

"నీకేమన్నా పిచ్చా? బ్రేకు లేని బండి మీదేనా చేతులు విడిచేది?" అన్నాను.

"నాకు అలవాటు మామా. మీకు కొత్త గదా," అన్నాడు తల దించుకుని.

నా పై పంచె చింపి వాడి మోకాలికి కట్టాను. అక్కడి నుంచి కొండ కింది దాకా సైకిళ్ళు నడిపించుకుంటూనే దిగాం. ఆ చెయ్యి విడిచిన మాట మదురైలో మాకు ఎలా వినిపించిందో దారిలో చెప్పాను. వాడు సిగ్గుతో రోడ్డు మీదే కూలబడి, "అయ్యో, ఆ పిల్ల నన్ను ఏమనుకుంటా ఉందో!" అని ఏడ్చినంత పని చేశాడు. నాకు ఆ ఏడుపు నచ్చింది.

పొల్లాచ్చిలో వాడి నుంచి విడిపోయి, సైకిలు షాపులో ఒక చిన్న పొట్లం కట్టించుకుని, మదురై రైలెక్కాను. ఇంటికి పోయి ఏమని చెప్పాలన్నదే దారంతా ఆలోచన. విడిచాడంటే అక్క గుండె ఆగుతుంది, విడవలేదంటే అబద్ధం. మా తెలుగులో దీనికి ఇంకో మాట లేదు.

మదురైలో దిగేసరికి ఆండాళు, వాళ్ళమ్మ ప్లాట్‌ఫారం మీదే ఉన్నారు. అక్క స్తంభానికి ఆనుకుని నిలబడిపోయింది. ఆండాళు ఎదురొచ్చి, "విడిచినాడా మామా?" అంది.

"విడిచాడు. రెండూ," అన్నాను. దాని ముఖం పాలిపోయింది. గబగబా సంచి కింద పెట్టి, కూలీలు చూస్తున్నా లెక్కచెయ్యకుండా రెండు చేతులూ బారగా చాచి, "ఇట్లా, సైకిలు మీద!" అన్నాను. ఒక్క క్షణం అర్థం కాలేదు. అర్థమయ్యాక పైట చెంగు నోట్లో కుక్కుకుని నవ్వింది, కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా. నేను పొట్లం దాని చేతిలో పెట్టాను. విప్పి చూసింది, బ్రేకు రబ్బర్లు.

"తాంబూలం పళ్ళెంలో పెట్టండి. మంచివి తను వేసుకోకుండా ఎదుటివాళ్ళకి ఇచ్చేస్తాడు," అన్నాను. అవి అసలువో నకిలీవో అని దారంతా గోటితో గిల్లి చూస్తూనే వచ్చాను.

"కిందికి దిగేటప్పుడు మీకు భయం వేసిందా మామా?"

మా అక్క వింటోందేమోనని అటు చూసి, గొంతు తగ్గించి చెప్పాను.

"తాంబూలాలు ఆదివారానికి సింగానల్లూరులోనే పెట్టమని మీ అమ్మతో చెప్పు. ఆ కొండ ఇంకోసారి దిగొచ్చు."