లక్ష్మమ్మ గారి ద్వాదశి పారణ

మహబూబాబాద్ జిల్లా అయిన కొత్తలో నన్ను నర్సింహులపేట వైపు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి మెడికల్ ఆఫీసరుగా వేశారు. ఒక ద్వాదశి నాడు తెల్లవారుతుండగా, కిరాణా హోల్‌సేల్ వ్యాపారి తల్లి లక్ష్మమ్మను స్పృహ లేకుండా ఆటోలో తెచ్చారు. షుగర్ మనిషి. ముందురోజు ఏకాదశికి పచ్చి మంచినీళ్లయినా ముట్టలేదు, ఇన్సులిన్ మాత్రం రోజూ వేసుకునేంత వేసుకుంది. దాంతో షుగర్ అమాంతం పడిపోయింది. దీన్ని మేము హైపో అంటాం. ఆలస్యమైతే ప్రాణం పోతుంది. గ్లూకోజు ఎక్కించాక కళ్లు తెరిచి, "ఏం ఎక్కిచ్చిన్రు నాకు?" అని నన్నే గద్దించింది.

పదిహేను రోజుల్లో మళ్లీ ఏకాదశి. రోగులకు ఉపవాసం అక్కర్లేదని శాస్త్రమే చెప్పిందని నేను పెద్ద పండితుడిలా ఉపన్యాసమిచ్చాను.

"గది మంచం పట్టినోళ్లకు సారూ. నేనింక గల్లా కాడ కూసుంటున్న," అంది. కోప్పడ్డాను, బతిమాలాను. కొడుకు దండం పెట్టాడు. ఆమె చలించలేదు. నాకు నిజంగానే భయం పట్టుకుంది.

మాది జనగామ. మా అమ్మ కూడా ఏకాదశులు ఉండేది. మర్నాడు ద్వాదశి ఘడియల్లో భోంచేసి ఉపవాసం విడవడమే పారణ. అది తప్పితే వ్రతం చెడినట్టేనని ఆమె హైరానా పడేది. తర్వాతి పరీక్షకు లక్ష్మమ్మ వచ్చినప్పుడు అది గుర్తొచ్చి, "మొన్న పారణ ఎప్పుడు చేసిన్రమ్మా?" అని అడిగాను.

ఆ రోజు ద్వాదశి ఘడియలు దాటేదాకా ఆమె మా దగ్గరే ఉంది. నా మాటకు ఆమె ముఖం మారిపోయింది. "మీరు ఎక్కిచ్చిన గ్లూకోజు పారణ కిందికి రాదా?" అంది.

"నాకేం ఎరుక? మీ అయ్యగారినడుగున్రి," అన్నాను. ఆ పూజారి గానీ వస్తుందంటే, వ్రతం చెడలేదని ఆమె మళ్లీ అట్లాగే ఉంటుంది, నా వాదం గంగలో కలిసినట్టే. ఆ సాయంత్రమంతా మనసు మనసులో లేదు.

మర్నాడు ఆమే వచ్చింది. "రాదన్నడు సారూ. పారణ దాక నిలవడాలంటే పాలు, పండ్లు తీసుకొమ్మన్నడు. సూది ఎంత ఏసుకోవాలె?" హమ్మయ్య అనుకున్నాను. ఏకాదశి రోజుకు ఇన్సులిన్ మోతాదు తగ్గించి రాసిచ్చాను.

ద్వాదశి పొద్దున ఫోన్ మోగింది. "సారూ, పారణైంది. పప్పన్నం తిన్న."

ఆ తర్వాత ఉపవాసాలుండే రోగులెవరికీ నేను మినహాయింపులు వినిపించలేదు. పారణ దాకా ఎట్లా నిలబడతారని అడిగి, అక్కడి నుంచి మందుల సంగతికి వచ్చేవాణ్ణి.