కిటికీ పక్క టేబులావిడ

ఆ చివరి షూటింగులో వెర్నా గొంతు ఎందుకు పెగల్లేదు? అలవాటు వల్లనా, కావాలనా? ఇప్పటికీ నాకు తెలియదు.

బర్బాంక్ స్టూడియోలో, ప్రేక్షకులను ఎదురుగా కూర్చోబెట్టుకుని మేం తీసిన టీవీ హాస్య సీరియల్ అంతా ఒక చిన్న హోటల్లో జరుగుతుంది. టేబుళ్ల మీద కప్పులూ పళ్లేలూ సర్దే పని నాది. వెర్నా ప్లోట్కిన్ జూనియర్ ఆర్టిస్టు. మొదటి వారం నుంచీ కిటికీ పక్క టేబుల్ ఆమెదే. వెనక కూర్చున్నవాళ్లు మాట్లాడుతున్నట్టు పెదాలు కదపాలి గాని శబ్దం రాకూడదు. వస్తే అసలు నటుల మాటలు పాడవుతాయి. ఆ విద్యలో వెర్నాను మించినవాళ్లు లేరు. ఎదురుగా కూర్చున్నవాణ్ణి శబ్దం లేకుండానే ఏదో తిట్టి, వాడు నవ్వాపుకోలేక అవస్థపడుతుంటే తను అమాయకంగా రొట్టె కొరికేది.

ఆమె భర్త సోల్‌కి చూపు పోయింది. ప్రతి వారం టీవీ ముందు కూర్చుని, "ఇప్పుడున్నావా? ఎక్కడ?" అని అడిగేవాడట. "కిటికీ దగ్గర, గుడ్డు తింటున్నా" అని పక్కనుంచి చెప్పేదట.

"నా మటుకు నువ్వా సీరియల్లో లేనట్టేనే" అన్నాడట ఒకసారి. ఆ మాట నాతో చెప్పి, ఖాళీ కప్పు నా చేతికిచ్చింది.

సీరియల్ ముగించేస్తున్నారని తెలిశాక, ఎన్నడూ ఏమీ అడగని మనిషి, హోటల్ యజమానురాలి వేషం వేసే ఐరీన్ టల్లీ దగ్గరికి వెళ్లింది. "నాకొక్క మాట ఇప్పించమ్మా. మా ఆయన వినాలి."

"ఒక్కటేనా? నావాటిలో సగం పట్టుకుపో తల్లీ, నోరు నొప్పెడుతోంది" అంది ఐరీన్. రచయితల వెంటపడి రాయించింది. చివరి సీనులో ఐరీన్ అడుగుతుంది: "ఇన్నేళ్లుగా వస్తున్నావు, ఒక్క మాటైనా మాట్లాడవేం?" వెర్నా జవాబు: "మీరు మాట్లాడనిస్తేగా!"

వారమంతా అదే జపం. నా దగ్గరికొచ్చి కోపంగా ఓసారి, గారంగా ఓసారి అని చూపించేది.

"ఏది బాగుంది?"

"రెండూ బాగున్నాయి గాని, ఆ మోచెయ్యి తియ్యి, టేబుల్ తుడవాలి."

షూటింగునాడు సోల్ ప్రేక్షకుల్లో ముందు వరసలో కూర్చున్నాడు. ఐరీన్ ప్రశ్న వేసింది. వెర్నా తలెత్తింది. పెదాలు ముచ్చటగా కదిలాయి. శబ్దం మాత్రం లేదు.

ఐరీన్ నడుం మీద చెయ్యేసుకుని, "ఏంటీ, మేం మాట్లాడనిస్తేగా అంటావా?" అంది. జనం విరగబడి నవ్వారు.

కెమెరాలు ఆగాక ఐరీన్ దర్శకుడి వైపు తిరిగింది. "మోర్ట్, మళ్లీ తీద్దాం. ఆవిడ గొంతు వినబడాలి."

"మతిపోయిందా? అలాంటి నవ్వు మళ్లీ వస్తుందా?"

"నవ్వు సంగతి నేను చూసుకుంటా. తియ్యవయ్యా!"

వాళ్ల కీచులాట మధ్యలో సోల్ అరిచాడు. "వెర్నా, అది నువ్వేనా? అందరూ వాగుతుంటే మధ్యలో వచ్చిన ఆ ఖాళీ నీదేనా?"

"నాదే" అంది వెర్నా. చివరి వరస దాకా వినబడింది.

"అయితే ఉంచెయ్యి. ఇక నువ్వెక్కడున్నావో నాకు తెలుస్తుంది."

మోర్ట్ అలాగే ఉంచేశాడు. పాత సీరియళ్లు వేసే ఛానెల్లో ఇప్పటికీ వస్తుంటుంది; మా నటుల పేర్లు తెలియని కుర్రకారు కూడా ఆ సీనుకి ఒకరినొకరు పొడుచుకుని తెరమీది కిటికీ వైపు చూస్తారు.

ఆ సాయంత్రం నటులందరూ వరసగా వచ్చి ప్రేక్షకులకు వంగి నమస్కరించారు. తన వంతు వచ్చినప్పుడు ఐరీన్ ఆగి, "ముందుకు రావే వెర్నా!" అని చెయ్యి చాచింది.

కిటికీ పక్క కుర్చీ ఖాళీగా ఉంది. ముందు వరసలో సోల్ కుర్చీ కూడా. ఇద్దరూ ఎవరికీ చెప్పకుండా వెళ్లిపోయారు.