పూజ చేసిన బీరువాలో మా పాప ఇన్‌హేలర్

ఆయుధ పూజ కోసం వర్తూరులో మా అమ్మాయి చదివే బడిని ఈ రోజు పొద్దున్నే దులిపారు. దానికి ఉబ్బసం. దుమ్ముకు ఆయాసం మొదలైంది. పిల్లల దగ్గర మందులు ఉండకూడదని దాని ఇన్‌హేలర్‌ను బడివాళ్ళు ఎప్పుడో లాక్కుని ఆఫీసు బీరువాలో పెట్టారు. మధ్యాహ్నం నాకు ఫోన్ చేశారు. వైట్‌ఫీల్డ్‌లోని మా ఆఫీసు నుంచి బయల్దేరి, దారిలో మందుల షాపులో ఇంకోటి కొని పరుగెత్తాను. అది పీల్చాకే పిల్ల తేరుకుంది.

బీరువా ఎందుకు తీయలేదని హెడ్‌క్లర్కును అడిగాను. ఆయన పాత బెంగళూరు తెలుగాయన.

"పూజ చేసిన దేన్నీ దశమి దాకా వాడేదానికి లేదప్పా. మందు లోపల భద్రంగా ఉండాది."

"మరి పాప?"

"అందుకే కదప్పా నీకు ఫోన్ చేసింది!"

బీరువాకు విభూతి, కుంకుమ, బంతిపూల దండ ఉన్నాయి. పక్కనే ఉన్న ఫోన్‌కూ కుంకుమ బొట్టు ఉంది. నాకు ఫోన్ చేసింది దాంతోనే!

సెలవులయ్యాక ఇన్‌హేలర్ మా పాప జేబులోనే ఉంటుంది. తప్పనేవాళ్ళు ఇక్కడే రాయండి, వాదిద్దాం. కాకపోతే రాసినంతసేపూ ఊపిరి బిగబట్టి రాయాలి.